ఎడమ ముల్లు లేదు

మా బావ గురించి చెప్పాలంటే ముందు లోపాలే చెప్పాలి. ఆయన పద్ధతి అది. ఏది చూపించినా ముందు అందులో ఏం లేదో చెప్పి, ఆ తర్వాతే ఉన్నది చూడనిచ్చేవాడు. కాబట్టి నేనూ అలాగే మొదలుపెడతాను. ఎక్కడున్నా సంతోషిస్తాడు.

ఓపిక గల మనిషని అందరూ అంటారు. ఒట్టి మాట. రాళ్ళ దగ్గర తప్ప ఆయనకి ఎక్కడా ఓపిక లేదు. బస్సు కాస్త ఆలస్యమైతే నడక మొదలుపెట్టేవాడు. సగం దారిలో అదే బస్సు ఆయన్ని దాటుకుంటూ పోయేది, కిటికీ పక్కన మా అక్క తాపీగా కూర్చుని చెయ్యి ఊపేది. ఇక మొహమాటం అనేది ఆయనకి పుట్టుకతోనే లేదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, ఎలా ఉందని మాత్రం ఈయన్ని అడక్కండి అని అక్క ఆ ఇంటావిడకి ముందే సైగ చేసేది. అడిగితే చెప్పేస్తాడు మరి! ఇంట్లో రోజూ ఇదే తంతు. టీ ఇస్తే "పంచదార ఎక్కువైంది" అని, చివరి చుక్క దాకా తాగి, కప్పు తనే కడిగి పెట్టేవాడు.

వృత్తి పళ్ళ సెట్లు కట్టడం. పళ్ళ డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి దంతాలు, చిగుళ్ళు తయారుచేసి ఇచ్చేవాడు. మందుల షాపు పైన ఒక ఇరుకు గది. గోడ నిండా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. అక్కని ఆయనకి ఇస్తున్నారని తెలిసి ఎలాంటివాడో చూసొద్దామని నేను ఆ గదికి వెళ్ళాను. వెళ్తే దవడలన్నీ కలిసి నన్ను చూసి పకపకలాడినట్టు అనిపించింది. ఇంటికొచ్చి, "అక్కా, నీ మొహం చూసి నవ్వేవాళ్ళకి అక్కడ కొదవ లేదే" అన్నాను. వీపు విమానం మోత మోగింది నాకు.

పళ్ళు వృత్తి అయితే రాళ్ళు పిచ్చి. మామూలు రాళ్ళు కాదు. ట్రైలోబైట్లని, చేపలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో సముద్రం అడుగున పాకిన జీవాలు. పొడవునా మూడు పాయలుగా ఉన్న ఒళ్ళు, గట్టి పెంకు, రెండు కళ్ళు, భయం వేస్తే ఉండలా చుట్టుకుపోవడం. అవి చచ్చి, బురదలో పూడి, బురదతోపాటు తామూ రాయైపోయాయి. ఊరి బయట, ఎప్పుడో వదిలేసిన సున్నపురాయి క్వారీలో ఆ రాళ్ళు దొరుకుతాయి. సెలవు రోజు వస్తే చాలు, సుత్తి, ఉలి సంచిలో వేసుకుని బావ అక్కడికి బయల్దేరేవాడు. రాయి పగలగొడితే లోపల పురుగు తాలూకు చిన్న అంచు, గోరంత నల్లటి గీత కనిపిస్తుంది. అంతే. మిగతాదంతా రాయి కిందే ఉంటుంది. దాన్ని పెంకు చెడకుండా బయటికి తీయడమే ఆయన సరదా.

"కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, ఇంతా చేసి పురుగునా బావా?" అనేవాణ్ణి.

"ఎలకైతే పారిపోతుందిరా. ఇది నాకోసం కూర్చునుంది" అనేవాడు.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని సామెత. నీకు పళ్ళూ ఉన్నాయి, రాళ్ళూ ఉన్నాయి, ఇంక సామెతలు నీకెందుకు?" అంటే మాత్రం నవ్వేవాడు. పళ్ళ సెట్లు కట్టే మనిషికి ముందు పన్ను ఒకటి వంకర, అదీ ఒక లోపమే, రాసుకోండి.

ఇంట్లో మెట్ల కింద చీపుర్లు, పాత బకెట్లు పెట్టుకునే గూడు లాంటి చోటుంటే దాన్ని ఖాళీ చేయించి పనిగది చేసుకున్నాడు. ఒక బల్ల, బల్ల మీద వంగి చూసే భూతద్దం, దీపం, పొడి కళ్ళలో పడకుండా రాయి లోపల పెట్టి, చేతులు దూర్చి తొలచడానికి రెండు కన్నాలున్న గాజు పెట్టె. రాయి తొలచడానికి గాలితో కొట్టుకునే సన్నని పరికరం ఒకటుండేది, గాలి కలం అనేవాడు దాన్ని. కలంలాగే పట్టుకోవాలి, మొన ఈగ రెక్కలా కొట్టుకుంటూ రాతిని ఇసకలా రాలుస్తుంది. దానికి గాలి కావాలి. నేను ఫ్రిజ్‌లు బాగుచేసే వాణ్ణి కాబట్టి, చచ్చిన ఫ్రిజ్ ఒకదాని కంప్రెసర్ పీకి ఆయనకి గాలి యంత్రం చేసిపెట్టాను. నా సొంత తెలివి! స్విచ్ వేసి గర్వంగా చూశాను. బావ చెవి ఒగ్గి విన్నాడు.

"ఎడమ పక్క బోల్టు వదులుగా ఉంది, గలగలమంటోంది" అన్నాడు.

అదీ ఆయన మెచ్చుకోలు. నిజంగానే వదులుగా ఉంది, అది వేరే సంగతి.

మా అక్కకి ఈ వ్యవహారం మొదట్నుంచీ గిట్టలేదు. ఇల్లంతా రాతిపొడి. దిండు దులిపితే పొడి, దువ్వెన దులిపితే పొడి. కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకసారి బల్ల తుడుస్తుంటే ఏదో రాయి తగిలి కింద పడింది. బావ ఏమీ అనలేదు, వంగి ముక్కలు ఏరుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం అక్కకి తల కొట్టేసినట్టయింది. "ఇక చచ్చినా మీ పురుగుల్ని ముట్టను" అంది. మా అక్క మాటంటే మాటే. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన రాళ్ళు దాచుకునే హాల్లో అలమారా సొరుగు లాగలేదు, ఆ బల్ల మీద గుడ్డ వెయ్యలేదు, దగ్గరికెళ్ళి ఒక్క పురుగునీ చూడలేదు. ఆయనా, ముట్టని మనిషికి నేర్పడమెందుకని, వాటిని ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అయినా క్వారీకి మాత్రం వెంట వెళ్ళేది. ఆయన ఎండలో రాళ్ళు కొడుతుంటే తను నీడ చూసుకుని కూర్చునేది. అలా ఒకసారి ఒక పలక మీద కూర్చుంటే కింద ఏదో గుచ్చుకుంటోందని విసుక్కుని లేచింది. బావ వచ్చి ఆ పలక తిరగేసి చూశాడు. చూసి, ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. అరచెయ్యంత పురుగు! తలకి అటూ ఇటూ వెనక్కి వంగిన పొడవాటి ముళ్ళు. ఒక వానాకాలమంతా పట్టింది దాన్ని బయటికి తీయడానికి. కళ్ళలో గింజలు ఒక్కొక్కటీ విడివిడిగా, తేనెపట్టు గదుల్లా కనిపించేవి. ఎవరొచ్చినా అది చూపించేవాడు. చూపించే ముందు, "తోక దగ్గర కుడిపక్క చిన్న చీలిక ఉంది, చూడండి. నేనే పొరపాటున చేశాను" అనేవాడు. ఆ తర్వాత, "ఇది మా ఆవిడ కూర్చున్నది" అనేవాడు. అక్క వంటింట్లోంచి, "సిగ్గు లేకపోతే సరి!" అని అరిచేది. లోలోపల మాత్రం మురిసిపోయేదని నాకు తెలుసు.

ముందు లోపం చెప్పడం ఆ పనిలో ఉన్న మంచివాళ్ళందరి పద్ధతేనట. ఎందుకంటే మోసం చాలా తేలిక. తోక లేకపోతే జిగురులో రాతిపొడి కలిపి తోక చేసెయ్యొచ్చు, రంగు వేస్తే కనిపెట్టేవాడెవడు? చెప్పుల షాపాయన ఒకడున్నాడు, బావతో క్వారీకి వచ్చేవాడు, ఆయనకి ఆ చేతివాటం ఉంది. ఒకసారి నలుగురిలో ఒక అందమైన పురుగుని పట్టుకొచ్చి చూపించాడు. బావ సూది మొనతో తోక మీద టకటక కొట్టి, "తల దానిదే. తోక మాత్రం నీది" అన్నాడు. అక్కడున్న వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చెప్పుల షాపాయన చాలా కాలం బావతో మాట్లాడలేదు.

"పోనీ ఊరుకోవచ్చుగా బావా? ఆ తోకతో నీకేం పని?" అని అడిగాను.

"పొద్దున్నుంచీ నేను చేసే పనేంట్రా? లేని పళ్ళని ఉన్నట్టు చూపించడం. తప్పేం కాదు, పాపం వాళ్ళు నమలాలి, నవ్వాలి. కానీ సాయంత్రం పూటైనా లేనిదాన్ని లేదని చెప్పుకోనియ్యరా నన్ను" అన్నాడు.

అలాంటి మనిషి. పిల్లల్లేరు. ఇల్లు, పళ్ళు, రాళ్ళు, మా అక్క. ఏ గొడవా లేని బతుకు.

తర్వాత కడుపునొప్పి వచ్చింది. ముందు గ్యాస్ అన్నాడు, తర్వాత పుండు అన్నాడు, ఆయనలో లోపం మాత్రం ఆయనకి కనపడలేదు. ఆసుపత్రిలో కడుపు కోసి చూసి, చేసేదేమీ లేక మళ్ళీ కుట్టేశారు. గాయం కాస్త మానగానే ఇంటికి తీసుకెళ్ళండి, ఇష్టమైనవి పెట్టండి అన్నారు. డాక్టర్లు ఇష్టమైనవి పెట్టమన్నారంటే ఏమిటో మనకి తెలుసు, అక్కకీ తెలుసు, బావకీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

పగలు నేను బావ దగ్గర కూర్చుంటే, అక్క ఇంటికెళ్ళి పనులు చూసుకుని వచ్చేది. మర్నాడు డిశ్చార్జి అనగా, బావకి ఉతికిన బట్టలు తెద్దామని నేను ఇంటికెళ్ళాను. గుమ్మంలోనే ఘాటుగా పులుపు వాసన ముక్కుకి కొట్టింది. లోపల హాలంతా పాత న్యూస్ పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద వరసగా బావ రాళ్ళు, నల్లగా నిగనిగలాడుతూ. మధ్యలో అక్క, కొంగు నడుముకి దోపుకుని, మోకాళ్ళ మీద.

"చూడరా ఎలా ఉన్నాయో! ఇన్నేళ్ళూ ముట్టను ముట్టను అని పంతం పట్టానా, ఆ మహానుభావుడు ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. రేపు ఇంటికొచ్చి చూసి అదిరిపోవాలి" అంది.

"దేంతో కడిగావక్కా?"

"వెనిగర్‌తోరా. కుళాయిలకి పట్టిన తెల్ల పొర దాంతోనేగా వదిలేది. సీసాలన్నీ బకెట్లో పోసి నిన్నంతా నానబెట్టాను. ఎంత మురికుందనుకున్నావ్! బుసబుసా పొంగింది. పొద్దున తీసి, బ్రష్షుతో రుద్ది, తుడిచి, నూనె రాశాను. మీ బావ ఏళ్ళ తరబడి సూదితో గీకుతూ కూర్చున్నారు, నేను ఒక్క పూటలో మెరిపించాను చూడు."

 క్వారీలో ఒకసారి బావ సీసాలోంచి ఒక చుక్క వెనిగర్ రాయి మీద వేసి నాకు చూపించాడు. చుక్క బుస్సుమని నురగెత్తింది. ఇది సున్నపురాయి, పులుపు తగిలితే కరిగిపోతుంది, పురుగు పెంకూ అంతే అని చెప్పాడు. అక్క చూసిన నురగ మురికి కాదు. అది పెంకు. వంగి, అక్క కూర్చున్న పలక చేతిలోకి తీసుకున్నాను. ముళ్ళు లేవు. కళ్ళున్న చోట అరిగిపోయిన సబ్బుముక్కలా నున్నగా ఉంది. తోక దగ్గర చీలిక కూడా లేదు, చీలడానికి తోకుంటే కదా.

కోపం నషాళానికి అంటింది. ఏం చేశావే పిచ్చిదానా అని నాలుక చివరిదాకా వచ్చింది. తలెత్తి ఆమె మొహం చూశాను. ఆసుపత్రిలో చేరినప్పట్నుంచీ ఆ మొహంలో నవ్వు చూడలేదు నేను. వేళ్ళ చివర్లు పులుపుకి నాని తెల్లగా ముడతలు పడిపోయాయి. పసిపిల్లలా నా మెప్పు కోసం చూస్తోంది.

"బాగున్నాయక్కా" అన్నాను. అని, బట్టలు తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

కానీ బావకి చెప్పకుండా ఎలా? చెప్పకపోతే రేపు సొరుగు తీసినప్పుడు ఆయన మొహంలో కనపడేది అక్క చూస్తుంది. అసలే చావు కబురు మోస్తున్న మనిషి, ఇది కూడా మోయాలా? గోరుచుట్టు మీద రోకటిపోటు. వార్డు బయట బెంచీ మీద బావని కూర్చోబెట్టి, నీళ్ళు నమలకుండా చెప్పేశాను.

బావ సెలైన్ కోసం చేతికి కట్టిన పట్టీ అంచు గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"అన్నీనా?" అన్నాడు చివరికి.

"అన్నీ బావా. బల్ల మీదున్న కొత్త రాయి ఒక్కటే ముట్టుకోలేదు. ఇంకా పని చెయ్యాల్సింది కదా అని వదిలేసిందిట."

"తను కూర్చున్నదో?"

తలాడించాను.

"కళ్ళు?"

"లేవు బావా."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆరోజు చూశాను. పక్క బెడ్డు వాళ్ళ తాలూకు మనుషులు ఆయన జబ్బు గురించి ఏడుస్తున్నాడనుకుని, ధైర్యంగా ఉండండి అని చెప్పి పోయారు.

"తనకి తెలుసా?" అన్నాడు.

"లేదు. మెరుస్తున్నాయని మురిసిపోతోంది."

"అయితే తెలియకూడదు. నేను పోయాక కూడా తెలియకూడదు. అర్థమైందా? పోయేవాడికి రాళ్ళెందుకురా, ఉండేది తను. ఆ ఇంట్లో ఒక్కతే ఉండాలి, ఈ ముల్లు గుచ్చుకుంటే రోజూ దాంతో ఎలా బతుకుతుంది?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు గానీ నోరు జారావో, ఉన్న పళ్ళన్నీ పీకి మళ్ళీ కట్టిస్తాను."

మర్నాడు ఇంటికి తీసుకొచ్చాం. కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టగానే అక్క సొరుగులన్నీ బారున లాగింది. దీపం కూడా వేసింది, పట్టపగలు! నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.  బావ ముందుకి వంగి, అక్క కూర్చున్న పలక తీసుకున్నాడు. దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. భూతద్దం పెట్టి కూడా చూశాడు. ఆ కళ్ళు పోయిన తలని, ఆ ముళ్ళు పోయిన చెంపల్ని, అంతసేపు ఎలా చూడగలిగాడో!

"ఎంత బాగా చేశావు! ఏ లోపమూ లేదు" అన్నాడు.

అక్క ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత నవ్వి, "మరి? నేనంటే ఏమనుకున్నారు" అని సొరుగులు మూసేసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. అబ్బ, గండం గడిచిందిరా అనుకున్నాను నేను. బావ నాటకాల్లో చేరుంటే ఎక్కడో ఉండేవాడు అనుకున్నాను. టీ తెచ్చింది. తాగి, "పంచదార ఎక్కువైంది" అన్నాడు బావ. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాలుగు రోజులు పోయాక అక్క ఒక విచిత్రమైన మాటంది. "ఆ మిగిలిన రాయిలోంచి పురుగుని ఎలా తీస్తారో నాకు నేర్పించండి" అంది. బావకి గాలి కలం పట్టుకునే బలం లేదప్పటికి. చెయ్యి వణికేది. సరే అని ఆమెని బల్ల ముందు కూర్చోబెట్టి, తను పక్కన దిండు ఆనుకుని కూర్చున్నాడు. మెట్ల కింద ఆ గూట్లో ఇద్దరు పడితే గాలి కూడా ఆడదు. నా కంప్రెసర్ గలగలమంటుంటే, దాని మీంచి ఆయన అరుపులు వీధిలోకి వినపడేవి.

"పొడవకు! ఆనించు చాలు. రాయి దానంతటదే రాలుతుంది."

"రాలడం లేదండీ."

"రాలేదాకా ఆగు. నలుపు కనపడిందా? కనపడితే చెయ్యి తీసెయ్. అది రాయి కాదు, పురుగు. అబ్బబ్బ, చెబితే వినవేం!"

"అరవకండి, కుట్లు ఊడతాయి."

జన్మలో ఆమెని గట్టిగా ఒక్క మాట అనని మనిషి, ఆ బల్ల దగ్గర చండశాసనుడైపోయాడు. ఆమె కూడా తక్కువ తినలేదు, మాటకి మాట అప్పజెప్పేది. కానీ చెయ్యి మాత్రం రోజురోజుకీ కుదురుకుంది. తల బయటికొచ్చింది. కళ్ళొచ్చాయి, అదే తేనెపట్టు గింజలతో. కుడి ముల్లు చివరిదాకా, వెంట్రుక మందాన వచ్చింది. ఎడమ ముల్లు సగం తీశాక, తుమ్మొచ్చిందో ఏమో, కలం జారింది. టప్పున విరిగి, ముక్క ఎగిరి పొడిలో ఎక్కడో పడిపోయింది. నేనూ అక్కా గాజు పెట్టె, నేల అంతా జల్లెడ పట్టాం. దొరకలేదు.

అక్క మొహం పాలిపోయింది. నేను బావ వంక చూశాను, ఏదో ఒకటి సర్ది చెప్తాడని.

"ఎడమ ముల్లు లేదు. నువ్వే విరగ్గొట్టావు. ఎవరికి చూపించినా ముందు ఆ మాట చెప్పాలి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క లేని సమయం చూసి అడిగేశాను. "అలమారాకి అలమారా మింగేశావు, ఈ ముల్లు దగ్గర అడ్డం పడిందా బావా? ఏడిపించాలా దాన్ని?"

"అది అబద్ధం, ఇది పని. ఒక్క అబద్ధం చాలురా. దాన్ని బల్ల దాకా రానిస్తే, ఇక తను చేసిందాంట్లో నేను బాగుందన్నదేదీ తనకి నిజం కాదు" అన్నాడు. నాకప్పుడు సగమే అర్థమైంది.

ఆ పురుగు తోక చివర ఇంకా రాయిలో ఉండగానే బావ పోయాడు. పొద్దున టీ కప్పు పక్కనే ఉంది, సగం తాగి. ఆ రోజు పంచదార గురించి ఏమీ అనలేదు. అప్పుడే మేం కంగారుపడాల్సింది. అక్క పెద్దగా ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వెయ్యడం, మంచినీళ్ళివ్వడం, ఏదో ఒక పని చేస్తూనే ఉంది. ఏడవని మనిషిని చూస్తే నాకు భయం. నేనా ఇంట్లోనే ఎక్కువగా ఉండేవాణ్ణి.

కొన్నాళ్ళకి చెప్పుల షాపాయన ఫోన్ చేశాడు, బావ రాళ్ళు ఒకసారి చూసి పోతానని. నా గుండెల్లో రాయి పడింది. పాత పగలేమీ లేవు, పాపం ఆ మనిషికి నిజంగానే బాధగా ఉంది. కానీ సొరుగు తీస్తే అయ్యో ఎవరు చేశారీ పని అనకుండా ఉంటాడా? రావద్దన్నాను, అక్క ఒంట్లో బాగాలేదన్నాను, అలమారా తాళం పోయిందన్నాను. ఆయన మర్నాడే ఊడిపడ్డాడు. సంచిలో తాళాలు తీసే సామాను కూడా తెచ్చాడు, సహాయం చేద్దామని!

అక్క ఆయన్ని కూర్చోబెట్టి, లోపలికెళ్ళి కొత్త పురుగుని తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని ఆయన ముందుకి చాపింది.

"ఎడమ ముల్లు లేదన్నయ్యా. నేనే విరగ్గొట్టాను. తోక చివర కూడా ఇంకా లోపలే ఉంది, అది తీయడం నాకింకా రాలేదు. ఇప్పుడు చూడండి."

చెప్పుల షాపాయన చాలాసేపు చూశాడు. "చెల్లెమ్మా, ఈ ఒక్క ముల్లు నేను చేసి అతికిస్తాను. దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

"వద్దన్నయ్యా. లేదుగా" అంది.

ఆయన తల దించుకుని, "మరి మిగతావి?" అని అలమారా వైపు చూశాడు. నేను గబుక్కున లేచి అడ్డం వెళ్ళాను. తాళం పోయింది, ఇంకోసారి చూద్దాం, చీకటి పడుతోంది అని ఏదేదో వాగాను. పట్టపగలు.

"దానికి తాళమెప్పుడుందిరా?" అని అక్క నన్ను పక్కకి జరిపి సొరుగు లాగింది. "ఇందులో చూడ్డానికేం లేవన్నయ్యా. అన్నీ పోయాయి. నేనే వెనిగర్‌లో కడిగేశాను, తెలియక. ఇది నేను కూర్చున్న రాయి. రెండు ముళ్ళూ లేవు, కళ్ళు లేవు, తోక లేదు." అలా ఒక్కొక్కటే తీసి, దాంట్లో ఏం లేదో చెప్పుకుంటూ పోయింది. ఆ గొంతు మా బావదే. చెప్పుల షాపాయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను గోడకానుకుని కూలబడ్డాను. "నీకెప్పుడు తెలిసిందక్కా? ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? మీ బావే చెప్పారు."

"బావా? చచ్చినా చెప్పడే!"

"ఇంటికొచ్చిన రోజు చూసి ఏమన్నారు? ఏ లోపమూ లేదన్నార్రా. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నోట ఆ మాట విన్నానా నేను? నా చేతి టీని అన్నారా? నన్నైనా అన్నారా? అప్పుడే తెలిసిపోయింది, ఏదో ఘోరం చేశానని. మీరు పడుకున్నాక ఆ భూతద్దం పెట్టి నేనూ చూశాను. అందుకే ఆ మిగిలిన ఒక్కటీ నేర్పించమన్నాను. అదైనా దక్కాలని."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు, తెలిసిపోయిందని?"

"పాపం, ఎంత కష్టపడి ఆడారో ఆ అబద్ధం. అలవాటు లేని మనిషి. అది కాస్తా నీటిపాలు చెయ్యమంటావా?"

పలకని మళ్ళీ సొరుగులో పెట్టింది. పెట్టి, చెయ్యి దాని మీంచి తీయలేదు.

"ఒక్కటి చెప్పనా, నవ్వకూడదు. అబద్ధమని తెలుసురా. తెలిసి కూడా, ఆ మాట ఆయన నోట వింటే ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. ఇంకోసారి అంటారంటే, నేను తీసిన ఆ ఒక్కటి కూడా తీసుకెళ్ళి ఆ బకెట్లో వేసేద్దును" అంది.

అని, అప్పుడేడ్చింది మా అక్క, సొరుగు మీద తల పెట్టుకుని. బావ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.